భోజనాల బల్ల మీద లేత్

పోయిన మంగళవారం పొద్దున పదిన్నరకు నా మనవరాలు భోజనాల బల్ల మీద సెల్‌ఫోన్ నిలబెట్టి, ఈ రెండిటిలో ఏది కొనమంటావని అడిగితే, చీరలేమో అనుకుని కళ్ళద్దాలు పెట్టుకున్న నేను తెర మీద ఇనుమును తిప్పి చెక్కే రెండు లేత్ మెషిన్లను చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. ఒకటి ఎనభై ఆరు కిలోలట, ఇంకొకటి నలభై ఒకటి. మేముండేది కోయంబత్తూరులో మూడో అంతస్తు. ఈ బల్ల మీద మెషిన్ పెట్టి, సెలవు రోజుల్లో పాత మిక్సీలకు, ఇరుసుకు తొడిగే ఇత్తడి బుష్‌లు చేసిస్తానని, అన్నం ఒళ్ళో పెట్టుకుని తింటే సరిపోతుందని దాని వాదన.

మా కాలంలో లేత్ అంటే ఏమిటో మీలో చూసినవారికి నేను చెప్పనక్కరలేదు. మా నాయన పట్టరైలో, అంటే ఆయన పనిచేసే కొట్టంలో (ఇంట్లో తెలుగు మాట్లాడే మేమూ దాన్ని పట్టరై అనే అనేవాళ్ళం), ఉన్నది తొమ్మిది వందల కిలోల మెషిన్. సూలూరు నుంచి లారీలో వచ్చిన దాన్ని దించడానికి పదకొండుమంది పట్టారు, రెండడుగుల లోతు పునాది వేసి ఇరవై ఒక్క రోజులు ఆరబెట్టిన తర్వాత గాని తిప్పలేదు. ఆడవాళ్ళు దాన్ని తాకేది ఏడాదికి ఒక్కసారే, ఆయుధపూజ నాడు, అదీ గంధం కుంకుమ పెట్టడానికే.

ఒక కాగితం మీద బల్ల కాళ్ళ మందం, లిఫ్టు వెడల్పు, మెషిన్ల బరువులు వేసుకుని చూస్తే రెండూ సరిపోతాయి గాని, నేను చిన్నదే కొనమన్నాను. లేత్‌లో ఇనుపముక్కను పట్టుకుని తిరిగే గుండ్రటి నోరు ఉంటుంది, చక్ అంటారు. దాన్ని బిగించే తాళం, పిడి ఉన్న ఇనుప చెవి, అందులోనే మరిచిపోయి మోటారు వేస్తే ఆ తాళం బాణంలా వస్తుంది. చిన్నదానికి చక్ మీద ఒక మూత ఉంది, తాళం లోపలుంటే మూత పడదు, మూత పడకపోతే మోటారు తిరగదు. పెద్దదానికి అది లేదు.

"ఏమవ్వా, అది పిల్లలాడుకునే బొమ్మ మాదిరి ఉండాది. పట్టరైలో పెరిగినదానివి నువ్వే ఇట్లా భయపడితే ఎట్లా?" అని నవ్వింది.

దాని వేలు పెద్దదాని బొమ్మ మీదే ఉంది. ఇక దాచి లాభం లేదని, కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతి దానికి చెప్పేశాను.

నాకప్పుడు పదకొండేళ్ళ నాలుగు నెలలు. ఆయుధపూజ నాడు బొరుగులూ శనగలూ పళ్ళేల్లో పోసి, అమ్మ నాకు చామంతి దండ ఇచ్చి మెషిన్‌కు వేయమంటే, చక్ నున్నగా ఉండి దండ జారిపోతుంటే, పక్కనే కుంకుమబొట్టు పెట్టి ఉంచిన తాళాన్ని చక్‌లో గుచ్చి దాని పిడికి తగిలించాను. ఎంత బాగా నిలిచిందో అని మురిసిపోయాను కూడా. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు మంచిగడియలో మెషిన్ ఒకసారి తిప్పేదాకా కదపకూడదన్నది మా ఆచారం. అందుకని ఎవరూ కదపలేదు. విజయదశమి పొద్దున నాయన స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, దండ తీయకుండానే మోటారు లీవరు తోశారు. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. దిష్టి తగిలిందన్నారు అందరూ. నేనూ తల ఊపాను. వేళ్ళు లేక, వెంట్రుకవాసి మందం కొలిచే మైక్రోమీటరు తిప్పలేని నాయనకు ఆ తర్వాత పదేళ్ళు, పెళ్ళయిపోయేదాకా, ప్రతి ముక్కనూ నేనే కొలిచి నోటుపుస్తకంలో రాసి ఇచ్చాను. అంగుళంలో వెయ్యోవంతు తప్పు పోనిచ్చేదాన్ని కాదు.

మనవరాలు నవ్వడం మానేసింది. సెల్‌ఫోన్ బల్ల మీద బోర్లించి, "నీకు పదకొండేళ్ళు గదవ్వా. దండ ఎత్తి చూడకుండా లీవరు తోసింది ఆయన. తోసేవాళ్ళే గదా చూసుకోవాల, మాకు కాలేజీ వర్క్‌షాపులో మొదటిరోజే నేర్పేది అది," అంది, చాలా మామూలుగా.

మెషిన్‌ను చూసినప్పుడు కూడా నేను అంత అదిరిపోలేదు. అరవై మూడేళ్ళలో ఒక్కసారైనా ఈ లెక్క ఇలా వేసి చూడలేదు నేను. వేళ్ళు పోయాక నాయన ప్రతిసారీ లీవరు తోసేముందు ఎడమచేత్తో చక్‌ను చుట్టూ తడిమి చూసుకునేవారు. ఆ చెయ్యి నన్నే నిలదీస్తున్నదని, ఆయనకు అంతా తెలుసునని, నేను పుస్తకంలోకి తల దించుకునేదాన్ని. ఆయన తనను తాను తిట్టుకుంటున్నారేమో అని నాకు తోచనే లేదు.

చిన్నదే తెప్పించింది. ఇప్పుడు మేము అన్నం ఒళ్ళోనే పెట్టుకుని తింటున్నాం. మా ఇళ్ళల్లో ఏ చెడు జరిగినా దిష్టి మీద వేసి నోరు మూసుకునేవాళ్ళం, అది మర్యాద అనుకున్నాం. ఈ పిల్లలు కూర వడ్డించుకుంటూ ఉన్నదున్నట్టు అనేస్తారు. నాయనా నేనూ పదేళ్ళు మూరెడు దూరంలో నిలబడి, ఇంత చిన్న ముక్కనూ కొలుచుకున్నాం గాని, తప్పు నాదని ఒకరికొకరం చెప్పుకోలేకపోయాం.