ఉర్దూ ఎక్కాలు, ఇంగ్లీషు బడి

మా అమ్మాయిని ఆరో తరగతిలో ఎక్కడ చేర్పించాలన్న ఆలోచన ఆ వేసవంతా నా కంటి మీద కునుకు లేకుండా చేసింది. కరీంనగర్‌లో మా ఇంటి పక్క వీధిలోనే సర్కారు బడి ఉంది. చుట్టుపక్కల పిల్లలంతా అక్కడికే పోయేవారు. నా మనసు మాత్రం ఊరి చివర కొత్తగా పేరుపడ్డ ప్రైవేటు హైస్కూలు మీదే ఉండేది. అక్కడ అన్నీ ఇంగ్లీషులో చెప్పేవారు. ఉన్న సీట్లు కొన్నే, వచ్చేవారు బోలెడుమంది. అందుకని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మరీ తీసుకునేవారు.

"గింత దగ్గర బడి పెట్టుకొని గంత దూరం ఎందుకు? గీ పిల్లేమన్న కలెక్టరైతదా?" అని నా భార్య నవ్వేది.

నాకు నవ్వొచ్చేది కాదు. నేను చదివిందంతా ఉర్దూలో. లెక్కలు, చరిత్ర, భూగోళం, అన్నీ అందులోనే. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరినప్పుడు నా దస్తూరి చూసి పైవాళ్లు ముచ్చటపడ్డారు. తర్వాత నిజాం రాజ్యం పోయింది. చూస్తుండగానే కచేరీ కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. నా వెనక చేరినవాళ్లు నాకు పైవాళ్లయ్యారు. పెళ్లాం పిల్లలున్నవాణ్ని కూర్చుని ఏబీసీడీలు దిద్దాను గానీ ఆ చదువు నాకు అబ్బలేదు. నిన్నటిదాకా తెలివైనవాణ్ని, తెల్లారేసరికి మొద్దునైపోయాను. నా బిడ్డకూ అదే గతి పడుతుందేమోనని నా భయం.

రోజూ దీపాలు పెట్టే వేళకు దానికి ఎక్కాలు నేనే చెప్పేవాణ్ని. నాకు వచ్చినవి ఉర్దూ ఎక్కాలే. తెలుగులో చెప్పబోతే నాలుక తడబడేది. "సాత్ అఠ్ఠే" అని నేనంటే "ఛప్పన్" అని అది తల ఊపుతూ అందుకునేది. దీనివల్ల ఇబ్బంది వస్తుందని నాకు తోచనే లేదు.

ప్రశ్నలడిగే రోజు మా ఇద్దరినీ లోపలికి పిలిచారు. ప్రధానోపాధ్యాయురాలు కోస్తా నుంచి వచ్చినావిడ. "ఏడు ఎనిమిదులు ఎంతమ్మా?" అనడిగారు.

"సాత్ అఠ్ఠే ఛప్పన్" అనేసింది మా అమ్మాయి, అలవాటు కొద్దీ పైకే.



"అదేమిటి? నేను తెలుగులోనే అడిగాను కదా" అన్నారావిడ.

బిడ్డ బెదిరిపోయి నా వైపు చూసింది. ఛప్పన్‌ను తెలుగులో ఏమంటారో దానికి ఆ క్షణాన తట్టలేదు. నేను నోరు తెరిస్తే సీటు పోతుంది, తెరవకపోయినా పోయేలాగే ఉంది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. అది చివరికి "యాబై ఆరు" అంది. ఆవిడ ఇంకా కొన్ని అడిగారు. ప్రతిసారీ దాని పెదాలు ముందు ఉర్దూలో కదిలేవి, తర్వాత తెలుగు బయటికొచ్చేది. ఒక్కటీ తప్పలేదు.

"పిల్లకు లెక్కలు బాగా వచ్చు. చేర్చుకుంటాం" అన్నారావిడ. నేను లేవబోతుంటే ఆపారు. "ఇక మీరు మాత్రం ఇంట్లో ఈ ఎక్కాలు చెప్పకండి. ఇక్కడ ఇంగ్లీషులో నేర్పుతాం. రెండూ కలిస్తే పిల్ల తికమకపడుతుంది."

"అట్లనే అమ్మా" అన్నాను. బయటికొచ్చి ఇంటిదాకా దాని చెయ్యి వదలకుండా నడిచాను. సంతోషంతోనే అనుకున్నాను.

బడి తెరిచాక ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు అది ఎప్పటిలాగే నా ముందుకొచ్చి కూర్చుంది. నేను ఎక్కాలు ఎత్తుకుంటానని చూసింది. నేను ఎత్తుకోలేదు. అది ఇంగ్లీషు పుస్తకం తీసి గడగడా చదివింది.

"మంచిగనే సదివిన్నా, బాపు?"

అందులో ఎక్కడ తప్పిందో, అసలు తప్పిందో లేదో నాకు తెలియదు. కోరి కోరి నేనే చేర్చిన బడి. ఇక ముందు బిడ్డ చదువులో ఎక్కడ తప్పినా నేను చెప్పలేనని అప్పుడు తెలిసొచ్చింది. సీటు రాదేమోనన్నప్పుడు కూడా నాకంత భయం వేయలేదు.

"మళ్లొక్కసారి సదువు బిడ్డా" అన్నాను.

అది మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. తప్పు చదివితే మొహంలోనైనా కనిపిస్తుందేమోనని దాని మొహం వైపే చూస్తూ కూర్చున్నాను.