పడవకు చెవి ఎక్కడ?

బలసముద్రం యోగానంద అరచేతికి ఉన్న తెలివి అతని తలకు లేదని భార్య రామలక్ష్మమ్మ ఎగతాళి చేసేది. బోరు పైపు మీద చెయ్యి ఆనించి, లోపల వచ్చేది నీళ్ళో గాలో చెప్పేసేవాడు మరి. ఏం లాభం? శెనక్కాయ చేలన్నీ సోలారు పలకల కిందికి పోయాక, బోర్లలో మోటార్లు దించమని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఇక దిక్కు సోలారు గేటు దగ్గర సెక్యూరిటీ పనే. ముప్పై ఏళ్ళు మేస్త్రీ అనిపించుకున్నవాడికి ఈల ఊదుతూ కూర్చోవాలంటే ప్రాణం ఒప్పలేదు.

అప్పుడు ఊరి చెరువులో పూడిక కొలవడానికి ఇంజనీరు సహన మోటారు పడవతో వచ్చింది. పావగడలో అంగడి నడిపేవాళ్ళ అమ్మాయే. పడవకు సోనారు బిగించాలని యోగానందను పిలిపించింది. నీళ్ళలోకి శబ్దం పంపి, అడుగున తగిలి తిరిగొచ్చే చప్పుడును విని లోతు చెప్పే పిడికెడు యంత్రమది.

"ఇది కుదిరితే తక్కిన చెరువులకూ మీరేనన్నా" అంది.

పుట్టి బుద్ధెరిగి యోగానంద పడవ ఎక్కింది లేదు. వైర్లకు దగ్గరని వెనక మోటారు పక్కనే బిగించాడు. లోతు చూపే తెర నిండా పిచ్చిగీతలు. ముందుకు మార్చాడు. వేగం అందుకోగానే పడవ ముక్కు పైకెత్తింది, యంత్రం నీళ్ళలోంచి బయటికి వచ్చేసింది. సహన మొహం వాడిపోయింది. యోగానందకు గేటూ ఈలా కళ్ళముందు కనబడ్డాయి.

మోటారు గాలి పీలిస్తే బోరు నీళ్ళు పోయదు. దీనికీ బుడగలే అడ్డమేమో అనిపించింది.

"నన్ను పండుకోబెట్టి ఒక్క సుట్టు తిప్పండమ్మా. బుడగల్లేని నీళ్ళు యాడుండాయో నా చెయ్యి చెప్తాది."

"ఈత వచ్చునా అన్నా?"

"ఈదేటన్ని నీళ్ళు నేనెప్పుడు చూస్తిని?"

గట్టున ఉన్న రామలక్ష్మమ్మ మోటార్లు దించే తాడు తెచ్చి మొగుని నడుముకు బిగించింది. "ఐదునూర్ల అడుగుల్లో మోటరునే జారనీలేదు ఈ తాడు. నువ్వెంతప్పా?"

తాడు రెండో కొస పడవకు కట్టుకుని, అంచున బోర్లా పడుకుని చెయ్యి నీళ్ళలో ముంచాడు. ముందువైపు నీళ్ళు చెంపదెబ్బల్లా తగిలాయి. వెనక బుడగలు అరచేతిలో చిటచిటలాడాయి. నడిమికి కాస్త ముందు, మోచేతి లోతున, నీళ్ళు నిండు బోరులా నున్నగా జారిపోయాయి.

"ఈడే!" అని కేకేశాడు.

పైపుముక్క ఆసరాగా యంత్రాన్ని అక్కడే బిగించాడు. పడవ చెరువు మధ్యకు దూసుకుపోయింది. తెర మీద చెరువు అడుగు ఒకే గీతగా, ఎక్కడా తెగకుండా సాగింది. సహన పిల్లలా చప్పట్లు కొట్టింది.

"తక్కిన పదకొండు చెరువులకూ మీరే రావల్ల, మేస్త్రీ!"

ఆ చివరి మాటకు యోగానంద కళ్ళు నిండిపోయాయి. రెండు చేతులా పడవ అంచు వదలకుండా పట్టుకునే నవ్వాడు.

"వస్తానమ్మా, యాడికైనా వస్తా. ముందు నన్ను గట్టుకు చేర్సండి!"