మా గ్రూపులో మొదటి నిబంధన

మొన్న తెనాలి స్టేషన్‌లో రేపల్లె బండి దిగినావిడ ఎవరో పక్కనుంచి వెళ్తుంటే ఎండురొయ్యల వాసన గుప్పుమంది. కోటమ్మగారు గుర్తొచ్చారు. మూడేళ్ళయినా ఆ సిగ్గు తగ్గలేదు.

మాది ఫోన్‌లో నడిచే కథల గ్రూపు. మేమే ఊహించుకున్న ఓ రేవుపట్నంలో ఒక్కొక్కరం ఒక్కో పాత్ర తీసుకుని, ఆ పాత్ర మాటలూ చేతలూ రాసుకుంటూ పోతే కథ తయారవుతుంది. నిబంధనలు రాసింది నేను. నలభై రాశాను. "సభ్యులు ఇతరుల పాత్రల స్వయంనిర్ణయాధికారానికి భంగం కలిగించరాదు" అన్నది మొదటిది. అది రాసినరోజు నా తెలుగు చూసుకుని నేనే మురిసిపోయాను.

రేపల్లెలో చేపలమ్మే కోటమ్మగారు కూతురి ఫోన్‌లోంచి చేరారు. పడవ నడిపే సరంగు పాత్ర తీసుకున్నారు. ఆవిడ రాస్తే గాలి మళ్ళడం కూడా కళ్ళకు కట్టేది. మూడోరోజు బాపట్ల సభ్యుడి పడవను తుఫానులో ముంచేసి, అతని పాత్ర భోరుమన్నట్టు కూడా తనే రాసేశారు. అతను నొచ్చుకున్నాడు. నేను అందరిముందూ "చదవడం వచ్చినవాళ్ళే ఇక్కడ ఉండాలి" అని పెట్టి ఆవిడను తీసేశాను. ఎవరో చప్పట్ల బొమ్మలు పెడితే పొంగిపోయాను కూడా.

ఆ సాయంత్రం నాకు విడిగా ఆవిడ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"చదివానమ్మా, మూడుసార్లు చదివాను. అర్థం కాలేదని అడగటానికి సిగ్గేసింది. ఇందాక మా అమ్మాయి చెప్పింది. పక్కోళ్ళ గంపలో అడక్కుండా చెయ్యి పెట్టొద్దనేగా? అట్టా రాసుంటే నేను పెట్టేదాన్నా?"

వారం తర్వాత రేపల్లె వెళ్ళాను. ఆవిడ బజారులో చేప తోముతూ, పీట నావైపు జరిపారు.

"తప్పు నాదే పిన్నిగారూ, మళ్ళీ రండి."

"ఇంతదూరం వచ్చావు, చాల్లేమ్మా. కోపమేం లేదు. నేను రాసింది మా అమ్మాయి స్నేహితులకి చూపించుకునేది. నన్ను తీసేయడం కూడా వాళ్ళు చూశారు. ఇంక రాయబుద్ధి కావట్లేదు."

టీ తెప్పించి ఇచ్చారు. తాగి వచ్చేశాను. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా నిబంధనలు ఆరే. కొత్తవాళ్ళకు నేనే చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ళచేత చెప్పించుకుంటాను. "పక్కవాళ్ళ గంపలో అడక్కుండా చెయ్యి పెట్టొద్దు" అన్నది మొదటిది. వినగానే "ఎంత తేలిగ్గా రాశారండి" అంటారు. "థాంక్సండి" అంటాను. ఆ మాట కోటమ్మగారిదని ఇంతవరకూ ఒక్కరికీ చెప్పలేదు.