కొర్రమీను ముఖం

నా చిన్నప్పుడు నేను కరిచే పిల్లని. మాటవరసకి అనడం లేదు, నిజంగానే కరిచాను. అమలాపురంలో ఆడపిల్లల హాస్టల్లో చేరిన మూడో రోజున, పక్క మంచం అమ్మాయి నా జడ చిక్కు తీస్తానని దువ్వెన పట్టుకుని వస్తే, ఆ పిల్ల మణికట్టు మీద పళ్ళు దిగేలా కరిచాను. మా అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. నా తలమీద ఇంకొకళ్ళ చెయ్యి పడుతుందంటేనే ఒళ్ళు మండిపోయేది. ఆ సంగతి నోరు తెరిచి చెప్పి ఉంటే సరిపోయేది. పదకొండేళ్ళ మొండిఘటానికి అంత బుద్ధి ఎక్కడ ఏడిచింది?

మాది ఉప్పలగుప్తం దగ్గర ఒక పల్లె. మా నాన్న చేపల చెరువులు కౌలుకి తీసుకుని బొచ్చెలూ శీలావతులూ పెంచేవారు. మా ఊరి బడి ఐదో తరగతితో ఆఖరు. ఇంట్లో నన్ను చూసే ఆడదిక్కు లేదు. అందుకని తెచ్చి హాస్టల్లో చేర్చారు. దింపి వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పారు. దసరా సెలవుల దాకా ఉండి చూడమనీ, ఉండలేకపోతే తీసుకెళ్ళిపోతాననీ, కానీ అలా వచ్చేస్తే ఇక చదువు మాట మర్చిపోవాలనీ. మొదటి వారంలోనే నేను తేల్చేసుకున్నాను, దసరాకి వెళ్ళిపోవాలని. ఆ కరిచిన రోజు నుంచి నాతో ఎవరూ మాట్లాడలేదు. అన్నాల దగ్గర నాకు అటూ ఇటూ ఒక్కో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చునేవారు. ఆ ఖాళీ చోటు చూస్తూ అన్నం తినడం ఎంత కష్టమో ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ రోజుల్లోనే మా వార్డెన్ అమ్మగారు పిల్లలందరినీ బస్సులో విశాఖపట్నం తీసుకెళ్ళారు, సముద్రం ఒడ్డున అక్వేరియం చూపించడానికి. లోపల తప్పిపోకుండా ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నడవాలన్నారు. మేం ముప్ఫై ఒక్కమందిమి. ఆ మిగిలిన ఒకత్తి ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా. జంటలన్నీ గాజు తొట్ల మధ్య కేరింతలు కొడుతూ ఒకళ్ళనొకళ్ళు లాక్కుపోతుంటే, నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆఖర్న నడిచాను.

ఒక మూల చిన్న తొట్టిలో ఒక్కటే చేప ఉంది. మిగతా తొట్లలో గుంపులు గుంపులుగా రంగురంగుల చేపలు. ఇది మాత్రం బూడిద రంగులో పొడుగ్గా, కదలకుండా ఓ పక్కకి చేరి ఉంది. దాని పేరేదో ఇంగ్లీషులో రాసిపెట్టారు, నాకు చదవడం రాలేదు. గుండ్రటి కన్నుతో అది నాకేసే చూస్తోందనిపించింది. నన్ను తెచ్చి హాస్టల్లో పడేసినట్టే దీన్నీ తెచ్చి ఇక్కడ పడేశారనుకున్నాను. ఇక అక్కణ్ణించి కదల్లేదు. తిమింగలం ఎముకలు ఉన్నాయిట, గుర్రం మొహం చేప ఉందిట, అవేవీ నేను చూడలేదు. వార్డెన్ అమ్మగారు రెండుసార్లు పిలిచి, మూడోసారి తనే వచ్చి నా పక్కన నిలబడి, తొట్టికేసి చూసి, నా భుజం పట్టుకుని బయటికి నడిపించారు.

మాది మిషన్ హాస్టల్, ఆదివారం సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కళ్ళం లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ వారం దేవుడు మనకి ఏం చూపించాడో చెప్పి కూర్చుంటే మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. ఈసారి అక్వేరియం మీద చెప్పమన్నారు. ఒకమ్మాయి రంగుల గురించి చెప్పింది, ఒకమ్మాయి తాబేలు ఓపిక గురించి చెప్పింది. చేరినప్పటి నుంచీ ఒక్కసారీ నోరు విప్పని నేను ఆ రోజు లేచాను.

"ఒక చేపని ఒక్కదాన్నే పెట్టేరండి. దాని వాళ్ళెవరూ లేరండి. అది నాకేసే చూసిందండి" అని, వెక్కివెక్కి ఏడ్చాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ముప్ఫైమందీ నేలకేసి చూస్తూ ఆమెన్ అన్నారు, అంతే.

తరవాతి శనివారం కూరకి చేపలు తెచ్చినప్పుడు వార్డెన్ అమ్మగారు నన్ను వంటింటి వెనక్కి పిలిచారు. స్కూలు సైన్సు గది నుంచి తెప్పించిన గాజు తొట్టి ఒకటి స్టూలు మీద పెట్టి ఉంది. అందులో బతికున్న చేప. తొట్టి ముందు గొంతుక్కూర్చుని చూశాను. అదే కన్ను, అదే బూడిద రంగు. అక్వేరియంలో చేప ఇక్కడికెలా వచ్చిందండీ అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. లేచి నిలబడి పైనించి చూడమన్నారు.

పైనించి చూశాను. పాము తల, నల్లటి వీపు. కొర్రమీను! మా ఊళ్ళో చంటిపిల్ల కూడా గుర్తుపట్టే చేప. తీరా ఆలోచిస్తే, మేం చేపని ఎప్పుడు చూసినా గట్టు మీద నిలబడి పైనించే చూస్తాం, లేదా చచ్చాక బుట్టలో చూస్తాం. నీళ్ళలో బతికున్న కొర్రమీనుకి ఎదురుగా నిలబడి దాని ముఖం చూడ్డం మా వంశంలో ఎవరికీ అవసరం పడలేదు. చెరువుల మధ్య పుట్టి పెరిగి, కొర్రమీను కోసం ముప్ఫైమంది ముందు ఏడ్చానన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

మీ నాన్నగారి చెరువులో ఇది కనబడితే ఏం చేస్తారని ఆవిడ అడిగారు. తీసేస్తారండి, ఉంచితే పిల్లచేపల్ని మిగల్చదండి అన్నాను.

"మరి అక్కడ దాన్ని ఒక్కదాన్నే ఎందుకు పెట్టేరమ్మా?"

ఆవిడ నా కరవడం దగ్గరికే వస్తున్నారని నాకు తెలిసిపోయింది. కోపం ముంచుకొచ్చింది. ఊరుకుంటే నేనెందుకవుతాను?

"దాని పిల్లల్ని తినదండి. పెద్దయ్యేదాకా చుట్టూ తిరుగుతా కాపలా కాత్తదండి. మీకు తెలీదు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని స్టూలు పక్కన నేలమీద నాతోపాటు కూర్చున్నారు. పెద్దమనిషి అలా మట్టిలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆయ్, కాస్తది. నీకు కాపలా కాసే మనిషి పోయేరు. అమ్మ లేకుండా ఈ హాస్టలుకి చాలామంది వచ్చేరమ్మా. కరిచినవాళ్ళు ఇద్దరే. ఒకత్తివి నువ్వు, రెండోదాన్ని నేను. నాకు మటుకు దీని ముఖం ఎవరూ చూపించలేదు."

ఆవిడ ఆ హాస్టల్లోనే పెరిగారనీ, అక్కడే ఉద్యోగం చేస్తున్నారనీ నాకు తెలుసు. ఆవిడ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం. క్రిస్మస్‌కి కూడా ఆవిణ్ణి చూడ్డానికి ఎవరూ రారని పెద్దపిల్లలు చెప్పుకునేవారు. అప్పటిదాకా అది నాకు ఆవిడ గొప్పతనంలాగే కనబడింది. ఆ రోజు భయం వేసింది. ఆవిడంటే కాదు, ఆ ఒక్క కంచం అంటే. కొర్రమీను మధ్యాహ్నం కూరలోకి వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్కమందికి తలో ముక్కైనా రాలేదు.

ఆ సాయంత్రమే పక్క మంచం అమ్మాయి దగ్గరికి వెళ్ళి తప్పైపోయిందన్నాను. కపిలేశ్వరపురం వైపు గోదావరి లంక నుంచి వచ్చిన పిల్ల, నెమ్మదస్తురాలు. ఓహో అని చేతులు పట్టేసుకుంటుందని నా ఊహ. ఆ పిల్ల మణికట్టు దుప్పట్లో దాచుకుని అటు తిరిగి పడుకుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. రోజూ వెళ్ళి మంచం పక్కన కాసేపు నిలబడి వచ్చేసేదాన్ని. ఒక్క మాట లేదు. ఆ పిల్లని తప్పుపట్టడానికి నాకు నోరెక్కడిది?

దసరాకి మా నాన్న వచ్చారు. నా పెట్టె చేత్తో పట్టుకుని బరువు చూసి, పోదామా అమ్మా అని అడిగారు. ఆ మాట కోసమే మూడు నెలలు ఎదురుచూసినదాన్ని. తీరా ఆ మాట వచ్చేసరికి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. సెలవులకి మాత్రం వస్తాననీ, మళ్ళీ తీసుకొచ్చి ఇక్కడే దింపాలనీ చెప్పాను.

"ఏం, బాగా అలవాటైపోయిందా?" అన్నారు.

"లేదు నాన్నా. ఒకమ్మాయి ఇంకా నాతో మాట్లాడట్లేదు."

ఆయనకేమీ అర్థం కాలేదు. కానీ పెట్టె మళ్ళీ మంచం కింద పెట్టి, బట్టలు రెండు జతలు తీసుకోమన్నారు. అలా నా చదువు నిలబడింది. ఆ అమ్మాయి నాతో మాట్లాడింది సంక్రాంతి దాటాక. అదీ లెక్కల పుస్తకం ఓసారి ఇమ్మని.

ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను, ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒంటరితనం పోయిందని అబద్ధం చెప్పను. రోజంతా ఫోను మోగని రోజులుంటాయి. అలాంటప్పుడు ఎవరూ రాలేదేమని అనుకోను. నా వల్ల మనసు నొచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో గుర్తు చేసుకుని, చెప్పులేసుకుని వాళ్ళింటికి వెళ్తాను. కొందరు తలుపు తీస్తారు, కొందరు తియ్యరు. తియ్యకపోతే ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడి, రేపు మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేస్తాను.