రెండో భాగంలో నీళ్ళు

కంప్యూటర్ ఆటలకు రెండో భాగం తీసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, నీళ్ళ జబ్బు. మొదటి భాగంలో నది అంటే ఒక నీలిరంగు పట్టీ. అది కదలదు, మెరవదు, మనిషికి అడ్డంగా పడి ఉండటమే దాని పని. రెండో భాగం వచ్చేసరికి అదే నదిలో అలలు లేస్తాయి, అలల మీద ఎండ తళుక్కుమంటుంది. మూడో భాగంలో మన మనిషి నీళ్ళలోంచి గట్టెక్కితే చొక్కా తడిసి ఉంటుంది, కాసేపటికి ఆరుతుంది కూడా. ఆట ఎలా ఉందని ఎవర్ని అడిగినా నీళ్ళు ఎంత బాగున్నాయో చెబుతారు. నేను కంబదూరు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. ట్యాంకరు హారన్ వినిపిస్తే పలక కింద పడేసి బిందె పట్టుకుని పరిగెత్తినదాన్ని. తెర మీద అన్ని నీళ్ళు ఎవరికీ పట్టకుండా పారుతుంటే నాకు ఆట మీద మనసు నిలవదు.

ఈ పిచ్చి నాకు అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు పట్టుకుంది. ఇప్పుడు అదే ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను కాబట్టి, పిచ్చిని ఉద్యోగం ఖాతాలో వేసుకునే వీలు దొరికింది. నేలమాళిగలో పరిగెత్తే ఆట ఒకటుండేది. మనిషి పరిగెత్తేవాడు, దూకేవాడు, కింద మేకుల మీద పడి చచ్చేవాడు. ఎందుకు దూకుతున్నాడని మేమెవరం అడగలేదు. రెండో భాగంలో వాడికి గడ్డం వచ్చింది, గతం వచ్చింది, దిగులు వచ్చింది. ఒక్క గోడ దూకే ముందు ఎవరో ఒకరు ఎదురుపడి వాడి బాధంతా మనకు వినిపిస్తారు. కార్ల ఆట మొదటి భాగంలో ఒకే రోడ్డు. రెండో భాగంలో పెద్ద పట్నం ఇచ్చి దారి వెతుక్కోమన్నారు. దారి వెతుక్కోవడానికైతే కళ్యాణదుర్గం బస్సు దిగి మా ఊరికి నడిస్తే సరిపోతుంది, గుంతలు కూడా నిజమైనవే ఉంటాయి. యుద్ధం ఆటలో శత్రువు మొదట్లో తెలివితక్కువవాడు, రోజూ అదే గేటులోంచి వచ్చేవాడు. రెండో భాగంలో వాడికి తెలివి పెట్టారు. తెలివైన శత్రువులు నాకు స్టాఫ్ రూములో ఉన్నారు, ఇంటికొచ్చి కూడా వాళ్ళతోనేనా?

వీటన్నిటిలో నేను ఎప్పటికీ వదులుకోలేనిది ఒక పల్లె ఆట. నాలుగు గుడిసెలు, కాస్త చేను, కొందరు మనుషులు. చేను మీద నొక్కితే విత్తనం పడుతుంది, గోధుమ మొలుస్తుంది, పండుతుంది. గింజలిచ్చి గొర్రెలు తెచ్చుకోవచ్చు. ఆ ఊళ్ళో వాన లేదు. కరువు వల్ల కాదు, వాన బొమ్మ గీసే ఓపిక వాళ్ళకు లేకపోయింది, అంతే.

ఈ ఆట మా నాయన చేతికి పోవడానికి కారణం మా అమ్మ.

నాయన చేలో చాలా ఏళ్ళ కిందట వేసిన మొదటి బోరులో నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళతో చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాడు. నా చదువు, ఇంటి మీద మిద్దె, అమ్మ కమ్మలు అన్నీ ఆ బోరులోంచి వచ్చినవే. అది ఎండిపోయాక రెండోది వేశాడు, దుమ్ము లేచింది. మూడోది వేశాడు, తెల్లటి రాతిపిండి లేచింది. చీనీ చెట్లు నిలువునా ఎండిపోతే కొట్టించి కట్టెలకు వేశాడు. రెండో భాగాల మీద నా అభిప్రాయం ఆటలాడి ఏర్పడిందని నా స్నేహితులు అనుకుంటారు. నేను కాదనను.

ఆ తర్వాత మిగిలినవి వానను నమ్ముకున్న వేరుశనగ, అమ్మ గొర్రెలు. వాన రాని ఏడు ఇల్లు గడిచేది గొర్రెల వల్లే. అమ్మ వాటిని మొహం చూసి గుర్తుపడుతుంది. అందులో నల్లమూతిది ఒకటి అమ్మ అరచేతిలో తప్ప ఇంకెక్కడ పెట్టినా గింజలు ముట్టేది కాదు.

పోయిన ఎండాకాలం అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాయన మళ్ళా టెంకాయాయప్పను పిల్చకొచ్చినాడు. నాలుగో బోరంట. ఇంగ అమ్మేదానికి ఏముండాది ఇంట్లో, నా గొర్రెలు తప్ప? రొంత దేంట్లోనన్నా పెట్టి కూర్చోబెట్టు మీ నాయన్ను."

టెంకాయాయప్ప అంటే బోరు వేసే చోటు చూపించే మనిషి. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. అడుగున నీళ్ళుంటే అది లేచి నిలబడుతుందట. మా చేలో నిలబడని టెంకాయ లేదు.

ఆ ఆదివారమే నా పాత ల్యాప్‌టాప్‌లో పల్లె ఆట వేసుకుని ఇంటికి వెళ్ళాను. ఎలా నొక్కాలో చూపించి, అమ్మతో పాటు గొర్రెల వెనక గుట్టకు పోయాను. తిరిగొచ్చేసరికి నాయన చేతులు కట్టుకుని తెర ముందు కూర్చుని ఉన్నాడు. చేను బీడుగా ఉంది. గుడిసెల ముందు మనుషులు ఆకలితో నేల మీద పడి ఉన్నారు.

"విత్తలేదేం నాయనా?"

"పదును గావద్దా? వాన పడనీ, ఇత్తుదాం."

"ఇందులో వాన పడదు నాయనా. ఊరికే విత్తడమే."

నాయన నా వైపు జాలిగా చూశాడు. ఇంత చదివించినా ఆరిన నేలలో విత్తనం వేయమంటోందే అన్న చూపు అది. పొద్దు గుంకేదాకా చూశాడు. తెర మీది ఊరంతా పోయాక గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆ తర్వాత కూడా విత్తే ముందు ఒకసారి తెర పైభాగం వైపు చూసేవాడు.

కానీ ఆట పట్టింది. టెంకాయాయప్ప వచ్చి పిలిచినా "రొంత పనుండాదప్పా" అని పంపించేశాడట. అమ్మ ఫోన్‌లో నవ్వింది. మా అమ్మ ఫోన్‌లో నవ్వగా నేను చాలా రోజుల తర్వాత విన్నాను, సంతోషంగా అనిపించింది. ఒక్కటే చిక్కు. నాయన రోజూ అదే మాట: "వాన లేకుండా సేద్యమేమి పాపా, బొమ్మలాట. వానుండేది లేదా?"

ఉంది. రెండో భాగం. నా సిద్ధాంతాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టి, రెండో భాగం తీసుకెళ్ళి ఇచ్చాను.

అందులో మబ్బు పడుతుంది, ఉరుముతుంది, వాన చప్పుడు నిజంగా చెవిలో పడుతుంది. మొదటిసారి ఆ చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి మిద్దె మీదికి పరిగెత్తి, ఆరబోసిన చింతపండు మీద పట్ట కప్పి, మొహాన ఎండ కొడుతుంటే కిందికి దిగొచ్చి మా ఇద్దర్నీ తిట్టింది. నాయన మాత్రం మొదటి వానకే విత్తాడు. మొహం వెలిగిపోయింది.

రెండో భాగం తీసినవాళ్ళు కరువు కూడా పెట్టారు. ఆటకు కష్టం తక్కువైందని ఆడేవాళ్ళు గోల చేశారట, అందుకని. కరువు లేక దిగులుపడే మనుషులు ఎక్కడో ఉన్నారన్నమాట. వాన ఆగిపోయింది. అప్పుడు తెర మీద బావి గుర్తు వచ్చింది. నొక్కిన చోట బావి పడుతుంది.

నాయన వెంటనే నొక్కలేదు. చేనంతా బాణం గుర్తుతో తిరిగాడు. చివరికి తూర్పు మూలన, సరిగ్గా మా మూడో బోరు పోయిన చోట పెట్టి నొక్కాడు. నీళ్ళు ఎగజిమ్మాయి. ఎండలో మెరిశాయి. ఆ మెరుపు బాగుందని నేనైనా ఒప్పుకోవాలి.

 తర్వాత బండ మీద నొక్కాడు, నీళ్ళు. బాట మీద నొక్కాడు, నీళ్ళు. పశువుల కొట్టంలో నొక్కాడు, అక్కడా నీళ్ళే.

"యాడ పొడిచినా పడ్తాయా?"

"అంతే నాయనా."

"పడనిది ఒగటన్నా లేదా?"

"లేదు."

నాయన ల్యాప్‌టాప్ మూసి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. బోరు ఆశ తీరిపోయిందనే అనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుంది.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. చేలో బోరు లారీ నిలబడి ఉంది. మధ్యాహ్నానికి అది మా మూడు బోర్ల రాతిపిండికి నాలుగో కుప్ప చేర్చి, గొట్టాలు సర్దుకుని వెళ్ళిపోయింది. చేలో నాయన జుట్టు, మీసాలు ఆ పిండి పడి తెల్లగా అయిపోయాయి.  అమ్మ నల్లమూతిదానికి గింజలు తీసుకెళ్ళే గిన్నె కడిగి గూట్లో బోర్లించింది.

నాకు మండింది.

"ఆటలో పడినాయని ఈడా పడ్తాయనుకుంటివా నాయనా?"

"ఆట జూసి ఏసినానా నేను?" ఆయనకూ కోపం వచ్చింది. "యాడ పొడిచినా పడేదానికి మనిషేమిటికి పాపా? పడ్తాయో లేదో తెలీకుంటేనే గదా బోరు."

రెండో భాగాల మీద ఇన్నేళ్ళుగా నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంత సూటిగా చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఆ మాటకు మేము కట్టిన వెల మాత్రం మంద మొత్తం. ఆయన మీద కోపం నాకు చాలా రోజులు పోలేదు. ఇప్పుడూ పూర్తిగా పోయిందని చెప్పలేను.

వానాకాలం సగం దాటాక ఒక ఆదివారం నాయనే అడిగాడు, పాతది ఉందా అని. మొదటి భాగం వేసిచ్చాను. ఈసారి ఆయన పైకి చూడలేదు. ఆరిన నేలలోనే విత్తేశాడు. పండింది. గింజలన్నీ ఇచ్చి ఒక గొర్రె తెచ్చాడు. మళ్ళీ విత్తాడు, మళ్ళీ ఒకటి తెచ్చాడు. గుడిసెలు పెంచలేదు, గోడ కట్టలేదు. సాయంత్రానికి తెర మీద దొడ్డి నిండింది.

"ఏమే, ఇట్ల రా," అని అమ్మను పిలిచాడు. "వచ్చి చూడు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నల్లమూతిది యాడుండాది దీంట్లో?"

ఆ ఆటలో గొర్రెలన్నిటికీ ఒకటే బొమ్మ. ఆ సంగతి నాకు తెలుసు, నాయనకూ తెలుసు. అయినా ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా జరిగాడు. ఒక్కొక్క గొర్రె మీద బాణం గుర్తు ఆపి, మొహం చూసి, తర్వాతదాని దగ్గరికి పోయాడు. అమ్మ ఆయన భుజం వెనకే నిలబడి చూస్తోంది.