కోమల టీచరు బావినీళ్ల పాఠం

కోమల టీచరు తప్పు ఒప్పుకోదని తమిళసీమలో సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పళంలోని ఆ బడిలో ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. బోర్డు మీద పొరపాటు రాసి దొరికిపోతే, "మీరు చూస్తున్నారా, నిద్రపోతున్నారా అని పరీక్ష పెట్టాను" అని దబాయించేస్తుంది. ఆ దబాయింపుతోనే ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగం నెట్టుకొచ్చింది. అలాగని ఆవిడ చదువు చెప్పే తీరుకి వంక పెట్టడానికి లేదు. నాలుగో తరగతిలో శక్తి, ప్రకృతి వనరుల పాఠం వచ్చిందంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గర గుమిగూడేవాళ్లు.

ఎందుకంటే ఆ రోజు బల్బు వెలిగేది. ఎప్పుడో ఒక ట్రైనింగులో నేర్చుకున్న విద్య అది. రెండు గాజుగ్లాసులు, ఒక చిన్న బ్యాటరీ, రెండు తీగలు, శనగగింజంత ఎర్ర బల్బు, అంతే సరంజామా. ఒక గ్లాసులో బీచి రాళ్ల దగ్గర పట్టుకొచ్చిన సముద్రపు నీళ్లు, రెండో గ్లాసులో మురుంగపాక్కంలోని తమ ఇంటి బావినీళ్లు. తీగలు సముద్రపు నీళ్లలో ముంచితే బల్బు ఠక్కున వెలిగేది. బావినీళ్లలో ముంచితే, చెయ్యి అడ్డం పెట్టి కళ్లు చికిలించి చూస్తే తప్ప వెలుగు కనపడేది కాదు. "ఉప్పుంటే కరెంటు బాగా పారుతుంది. మంచినీళ్లలో పారదు. మంచినీళ్లంటే ఎలా ఉండాలి? మా బావినీళ్లలా ఉండాలి" అని టీచరు తమిళంలో గొప్పలు పోయేది. పిల్లలు అదీ నోట్సులో రాసుకునేవాళ్లు.

గొప్పలు పోయినా చెల్లే బావే అది. ఊరంతా నీళ్లకి అల్లాడిన ఒక ఎండాకాలంలో తండ్రి వెంకటకృష్ణయ్య దాన్ని తవ్వాడు. ఆయన లోపల దిగి తవ్వుతుంటే, తల్లి అమ్మాయమ్మ కోమలని కడుపులో పెట్టుకుని పైన మట్టితట్టలు అందుకుంది. నీళ్లు పడ్డాక వీధి వీధంతా ఆ బావినీళ్లే తాగింది. అప్పటినుంచి వాళ్ల చుట్టాల్లో ఎవరింట పెళ్లయినా వంటపొయ్యి మీదికి ఎక్కే తొలిబిందె ఆ బావిదే. గడపలోకి ఎవరొచ్చినా సరే, అమ్మాయమ్మ ముందు చెంబుడు నీళ్లు చేతికిస్తుంది, తాగి బాగున్నాయనేదాకా మాట కదలనివ్వదు.

చుట్టూ తోటలు పోయి ప్లాట్లొచ్చాయి. ప్లాటుకొక బోరు దిగింది. వీధిలో ఒక్కొక్కరే క్యాన్ నీళ్లకి మారారు. వీళ్లు మారలేదు. అందరి నీళ్లనీ ఆ బావితో పోల్చి చూశారే గాని, ఆ బావిని దేనితోనూ పోల్చి చూడాలని ఎవరికీ తోచలేదు.

రెండేళ్ల కిందట అమ్మాయమ్మ కాళ్లు వాచాయి. బీపీ ఎక్కువుందనీ, కిడ్నీలు దెబ్బతింటున్నాయనీ, ఉప్పు మానెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. ఆ పూట నుంచి అమ్మాయమ్మకి చప్పిడి కూడే. డెబ్బయి ఎనిమిదేళ్ల మనిషి, నిమ్మకాయ ఊరగాయ లేనిదే ముద్ద ఎత్తని మనిషి, నోరు కట్టేసుకుంది. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ రిపోర్టులో అంకె పెరుగుతూనే ఉంది. "ఎక్కడో ఉప్పు తింటున్నారు. లేకపోతే ఇలా రాదు" అన్నాడు డాక్టరు.

కోమల ఇంట్లోనూ టీచరే. జాడీలు బీరువాలో పెట్టి తాళం వేసింది. డబ్బాలో ఉప్పు పైన చదును చేసి వేలితో గీత గీసి బడికి పోయేది, సాయంత్రం వచ్చి గీత చూసేది. గీత చెదిరిందీ లేదు, అంకె తగ్గిందీ లేదు. "నేను తాకను కూడా తాకలేదమ్మీ" అని అమ్మాయమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఇరవై ఎనిమిదేళ్లుగా దొంగపిల్లల్ని పట్టిన మనిషి నమ్ముతుందా? లోగనాయకి అనే పక్కింటావిడ దొంగచాటుగా ఉప్పు పెడుతోందని తీర్మానించుకుంది. గోడ దగ్గరికి పోయి నలుగురూ వినేట్టు అడిగేసింది. లోగనాయకి ఏడ్చింది. ఆ రోజు నుంచి వాళ్ల గడప తొక్కలేదు. అమ్మాయమ్మకి ఉన్న ఒక్క కబుర్ల తోడూ అలా పోయింది. పోయిన నెల డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఈసారి కూడా తగ్గకపోతే డయాలసిస్ తప్పదట.

ఇదంతా జరుగుతున్న కాలంలో బడిలో ఆ గ్లాసులు బీరువాలోనే ఉన్నాయి. కరోనాకి బడి మూతపడింది. తెరిచాక గోడకి స్మార్ట్ బోర్డు వచ్చింది. వనరుల పాఠమంతా వీడియోలో నడిచిపోయేది, అందులో బావినీళ్లు ఎప్పుడు చూసినా నీలంగా ఉండేవి. ఈ ఏడాది ఆ బోర్డు చెడిపోయింది. బాగుచేసే మనిషి రేపు మాపు అంటూ రాలేదు. సరే, పాత విద్యే నయమని కోమల గ్లాసులు కడిగి, రెండు సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చింది.

ముందు బోర్డు మీద రెండు వరసలు గీసింది. తరిగిపోయేవి ఒక వైపు, తిరిగి వచ్చేవి ఒక వైపు. బొగ్గు, పెట్రోలు అటు. ఎండ, గాలి, నీరు ఇటు. తర్వాత తీగలు సముద్రపు నీళ్లలో ముంచింది. బల్బు వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తీగలు తుడిచి బావినీళ్లలో ముంచింది. బల్బు వెలిగింది. పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

"మీరు చూస్తున్నారా లేదా అని..." అంటూ మొదలుపెట్టింది కోమల, అలవాటు కొద్దీ. సీసాలు తారుమారయ్యాయనుకుంది. గ్లాసు కడిగి మళ్లీ పోసింది. తీగలు మార్చింది. బల్బు ఎర్రగా, నిదానంగా వెలుగుతూనే ఉంది. ముందు బెంచీలో యోగిత అనే పిల్ల వేలు ముంచి నాకి, "మిస్, మీ బావినీళ్లు ఉప్పగా ఉన్నాయి" అంది. కోమల తానూ ఒక గుక్క తాగి చూసింది. ఆవిడకి ఏ తేడా తెలియలేదు. రోజూ తాగే నీళ్ల రుచే అది. చుట్టూ బోర్లు తోడేసిన మంచినీళ్ల చోటికి భూమిలోపల సముద్రం పాకుతూ, ఏళ్ల తరబడి ఏ రోజుకారోజు రవ్వంత పెంచిన ఉప్పుని నాలుక తనలో కలిపేసుకుంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి, అన్నీ ఉప్పునీళ్ల పనులే. కాఫీకి పాలు విరిగితే పాలు పోసే తంగవేల్‌ని తిట్టారు. కందిపప్పు ఉడక్కపోతే కొట్టువాణ్ణి తిట్టారు. నురగ రాకపోతే సబ్బు మార్చారు. చప్పిడి అన్నం పెట్టి, దాని పక్కనే చెంబుడు ఉప్పునీళ్లు పెట్టింది తను. ఒంట్లో వేడికి నీళ్లు బాగా తాగమ్మా అని బతిమాలి మరీ తాగించింది తను.

"మిస్, మళ్లీ ఎప్పుడు మంచినీళ్లవుతాయి?" అని యోగిత అడిగింది. బోర్డు మీద తిరిగి వచ్చేవి అనే వరసలో నీరు అనే మాట కోమల చేతిరాతలోనే ఉంది. ఆవిడ ఈసారి దబాయించలేదు. పాఠం అక్కడే ఆపి, పిల్లల్ని బొమ్మలు గీసుకోమంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మాయమ్మ వాచిన కాళ్లు దిండు మీద పెట్టుకుని వరండాలో మంచం మీద ఉంది. కోమల చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూర్చుంది. జన్మలో ఎవరికీ చెప్పని మాట అది.

"అమ్మా, తప్పు నాది. నువ్వు ఉప్పు తినలేదు. మన బావే ఉప్పెక్కింది. రెండేళ్లుగా నా చేత్తోనే తాపిస్తా ఉండాను."

"ఏంది చెప్తా ఉండావు నువ్వు?"

బల్బు సంగతి, యోగిత నాకి చూసిన సంగతి, తాను లోగనాయకిని అన్న మాటల సంగతి, అన్నీ చెప్పుకుంది. చెబుతూ ఏడ్చింది. అంతా అయ్యాక అమ్మాయమ్మ అడిగింది.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు. పిల్లోళ్లు చూసినారు, అంతే."

"పిల్లోళ్లు మర్చిపోతారు. నువ్వు యాడా అనబాకు." దిండు సర్దుకుంది. "ఉప్పు నేనే తిన్నాను, అమ్మీ."

"అమ్మా..."

"నేనే. నువ్వు బడికి పోయినంక లోగనాయకి దగ్గిర అడుక్కోని తిన్నా. దినామూ తిన్నా. నీకు బయపడి లేదన్నా. దానికి బావి మింద యాల నింద ఏస్తావు? మీ నాయన తవ్విన బావి అది."

లోగనాయకి ఆ గడప తొక్కి ఏడాది దాటింది. మంచం దిగి గోడ దాకా నడిచే శక్తి అమ్మాయమ్మకి లేదు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కోమల ఆవిడ చెయ్యి పట్టుకుని క్షమించమని అడగబోయింది. "తప్పు నాదయితే నువ్వు అడిగేదేంది" అని అమ్మాయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇక క్షమించమని అడిగే దారి కూడా కోమలకి మిగల్లేదు.

మాత్ర వేసుకునే వేళయింది. కోమల వీధి చివర కొట్టుకి వెళ్లి క్యాన్ కొనుక్కొచ్చి గ్లాసులో పోసి ఇచ్చింది. అమ్మాయమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పక్కకి తిరిగి ఊసేసింది.

"ఇది మన నీళ్లు కాదు. నోట్లో పెడితే ఏమీ లేదు దీంట్లో."

ఎంత బతిమాలినా గ్లాసు ముట్టలేదు. రెండేళ్లుగా ఏ మాట చెప్పించాలని కోమల తల్లిని కాల్చుకు తిన్నదో, ఆ మాట ఆవిడ ఇవాళ తనంతట తానే చెప్పింది. చెప్పి, బావినీళ్లు తెస్తే గాని మాత్ర వేసుకోనని అరచేతిలో మాత్ర పెట్టుకుని కూర్చుంది. మాత్ర లేకపోతే తెల్లారేసరికి బీపీ ఎక్కడికి పోతుందో కోమలకి తెలుసు. వేరే దారి తోచక, చేద తీసుకుని బావి దగ్గరికి వెళ్లింది.