పాత పైథాన్, పాల గంజు

మా అక్కవాళ్లకు వేములవాడలో చిన్న లాడ్జి ఉంది. ఏ రూము ఖాళీయో చూసుకునే ప్రోగ్రాం ఎప్పుడో నేనే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిచ్చాను. ఈ రోజు మధ్యాహ్నం కరీంనగర్‌లోని మా ఇంటి నుంచే, నెట్ ద్వారా అక్క కంప్యూటర్లోకి వెళ్లి, కరెంటు బిల్లుల కోసం ఇంకో ప్రోగ్రాం పెట్టాను. దానికి పైథాన్ కొత్త వెర్షన్ కావాలి. రెండెందుకని పాతదాన్ని తీసేశాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆదివారం కదా, సోమవారం దర్శనానికి జనం దిగే వేళ.

“ఏం జేసినవే? రూముల ప్రోగ్రాం తెరుసుకుంటలేదు. పిల్లజెల్లతోని జనం వచ్చి నిలవడ్డరు!”

“అది పాత పైథాన్‌తోనే నడుస్తదక్కా, నేను తీసేసిన. జర ఆగు, రెండూ పెడ్త. దేనిది దానికే.”

“కోడికూర, గుడ్లు వండే నీసు గంజులు వేరు, పాలు కాసే గంజులు వేరు అని ఇంట్ల అందర్ని సతాయిస్తవు. మా కంప్యూటర్ల మాత్రం ఒక్కటే చాలనుకున్నవా?”

పాత పైథాన్‌ను మళ్లీ వేరే ఫోల్డర్లో పెట్టి, ఏ ప్రోగ్రాం దేన్ని వాడాలో చెప్పి, అక్కకు రూములు కనబడ్డాకే ఫోన్ పెట్టేశాను.

వంటింట్లోకి వెళ్తే మా ఆయన పాల గంజులో గుడ్లు ఉడకబెడుతున్నాడు. మామూలుగా అయితే నా అరుపులకు ఇల్లు ఎగిరిపోయేది. ఈ రోజు మాత్రం అక్క మాట గుర్తొచ్చి, నాకూ ఒకటి పెట్టమన్నాను.

కంప్యూటర్లో రెండు పైథాన్లు వేరువేరుగా పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఇంట్లో గుడ్లు ఏ గంజులో ఉడుకుతున్నాయో కాస్త చెప్పండి.